పడుగు, పేక, వాయువు



సోలాపూర్ టెర్రీ తువాలు అంత నీటిని ఎట్లు పీల్చుకొంటుందో నేతవాడల బిడ్డలకు వేరుగా చెప్పనక్కరలేదు. పోగును లూపులుగా పైకి లేపి నేయడం వలన అదే బరువు గల నూలుకు ఉపరితలం ఎంతో పెరుగుతుంది. వాయువులను నిలువ చేసే సచ్ఛిద్ర పాలిమర్లకు కూడ ఆధారం ఉపరితలమే. అయితే ఒక భేదం కలదు. తువాలులో నీరు పోగుల సందులలో నిండుతుంది. ఈ పదార్థాలలో వాయు అణువులు సూక్ష్మరంధ్రాల గోడలకు అంటుకొని నిలుస్తాయి. దీనినే అధిశోషణమంటారు. 2009లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పి.ఎ.ఎఫ్.-1 అను పాలిమర్‌లో ఒక్క గ్రాముకు సుమారు 5,600 చదరపు మీటర్ల ఉపరితలం కలదు. భూమి లెక్కలో ఎకరం 15 గుంటలు, చిటికెడు పొడిలో!

సాధారణ పాలిమర్ గొలుసులు ఒకదానిపై ఒకటి ఒరిగి సందులను పూడ్చివేస్తాయి. కనుక బిరుసైన అణువులను గట్టి బంధాలతో కలిపి, కూలని చట్రం కట్టవలె. 2005లో అమెరికాలో ఒమర్ యాఘీ బృందం అట్టి స్ఫటిక చట్రాలను తొలిసారి నిర్మించింది. కాని వాటి బోరాన్ బంధాలు తేమకు విడిపోయేవి. పొగగొట్టంలో తేమ లేకుండునా? 2012లో మన పొరుగున, పూణే జాతీయ రసాయన ప్రయోగశాలలో, రాహుల్ బెనర్జీ బృందం మరిగే నీటికీ గాఢ ఆమ్లానికీ చెక్కుచెదరని చట్రాలను తయారుచేసింది. ఈ రంగంలో దీనికి దక్కవలసినంత పేరు మన పత్రికలలో దక్కలేదు.

2016లో యాఘీ బృందం నిజముగా నేత నేసింది. ఇది అలంకారోక్తి కాదు. రాగి అయాన్ల ఆధారంతో సేంద్రియ పోగులను ఒకదాని మీదుగా, ఒకదాని క్రిందుగా అల్లి, పిమ్మట రాగిని తొలగించారు. అల్లిక చెడలేదు, పదార్థం సాగే గుణం పది రెట్లు పెరిగింది. మగ్గం మీద బిగిసియున్న బట్ట దింపగానే మెత్తబడటం ఎరిగినవారికి ఇది వింత కాదు.

బొగ్గుపులుసు వాయువును పట్టుటకు విశాలమైన గోడ ఒక్కటే చాలదు. దానిని ఎంచుకొని పట్టే అమీన్ సమూహాలు గోడకు అమర్చవలె. అట్టి కాఫ్-999 అను పొడి 2024లో వెలువడింది. బయటి గాలి నుండి 100 పర్యాయాలు ఆ వాయువును పట్టి విడిచినను దాని శక్తి తగ్గలేదు. విడిపించుటకు 60 డిగ్రీల వేడి చాలును. వాడుకలోనున్న అమీన్ ద్రావణాలకు సుమారు 120 డిగ్రీలు కావలె. ఆ తేడా అంతా ఇంధనపు ఖర్చే.

నగర సమీపాన ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రం సామర్థ్యం 1,320 మెగావాట్లు. పూర్తిగా నడిచినచో అట్టి బొగ్గు కేంద్రం గంటకు వెయ్యి టన్నులకు పైగా ఈ వాయువును విడుస్తుంది. అదే సంస్థ 2022లో వింధ్యాచల్‌లో నెలకొల్పిన సంగ్రహణ యూనిట్ సామర్థ్యం రోజుకు 20 టన్నులు. అదియు ద్రావణంతోనే. గ్రాములలో తయారైన పొడి టన్నులలో తయారు కావలె, గంధక వాయువులకు, ధూళికి నెలల తరబడి ఓర్చుకోవలె, ధరయు దిగిరావలె. ఈ మూడింటిలో ధరయే అన్నిటికన్న కఠినమైనది.