టీకా మాట మన బోలిలో చెబుదాం



మేము ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల తండాల్లో పుట్టి, నర్సులుగా, ఏఎన్ఎంలుగా, ఆశా కార్యకర్తలుగా పనిచేస్తున్నవాళ్లం. టీకాల గురించి ఫోన్‌లో ఎలా మాట్లాడాలో ఈ రోజు మీతో పంచుకుంటాం.

2021 జనవరి 16న దేశంలో కరోనా టీకాలు మొదలైనప్పుడు ముందు వేయించుకున్నది ఆరోగ్య సిబ్బందే. ఎందరో డాక్టర్లు, నర్సులు సూది వేయించుకుంటున్న ఫొటోలను వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టారు. "ముందు మేం వేసుకున్నాం, తర్వాతే మీకు చెబుతున్నాం" అన్నదే వాటి అర్థం. అప్పటి కోవాగ్జిన్, 2022లో 12–14 ఏళ్ల పిల్లలకు వేసిన కార్బెవ్యాక్స్ మన హైదరాబాద్ కంపెనీలు తయారుచేసినవే.

అయితే రాసి పెట్టిన పోస్టు చదువు వచ్చినవాళ్ల దగ్గరే ఆగిపోతుంది. చదవడం రాని యాడీకి అది అందదు. పుకారు మాత్రం గొంతుతో, వీడియోతో వచ్చి చేరుతుంది. 2017లో మీజిల్స్-రూబెల్లా టీకాలు వేస్తున్నప్పుడు తమిళనాడు, కర్ణాటకల్లో వాట్సాప్ పుకార్లు తల్లిదండ్రులను భయపెట్టాయి.

భయపడేవాళ్లను తెలివిలేనివాళ్లు అనకండి. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల తర్వాత నలుగురు తల్లులు చనిపోయారు. అది టీకా కాదు. అయినా బిడ్డను సూదికి తీసుకురమ్మంటే ఒక తల్లికి ఆ సంగతి గుర్తుకు రావడం సహజం. ఆ బాధను వినకుండా పది పోస్టులు పెట్టినా ఆమె మనసు మారదు.

అందుకే మేము మూడు పద్ధతులు పాటించాలంటాం. ఒకటి, గోర్ బోలిలో నిమిషం వాయిస్ మెసేజ్ పంపాలి. రెండు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలలకు వేసే పెంటావాలెంట్ తర్వాత జ్వరం, వాపు రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి, తగ్గకపోతే మాకు చెప్పాలి. ఇది ముందే చెబితే నమ్మకం నిలుస్తుంది, దాచితే పోతుంది. మూడు, ప్రశ్న అడిగినవాళ్లకు గ్రూపులో వాదన పెట్టకుండా విడిగా ఫోన్ చేయాలి.

ఇక మీ పని. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో వచ్చిన మెసేజ్ చాలాసార్లు చేతులు మారినదని అర్థం. దాన్ని తిట్టడానికైనా మళ్లీ పంపకండి. ముందు ఏఎన్ఎంను అడగండి. పనికోసం పట్నం పోయిన అక్కాబావల బిడ్డ టీకా కార్డు ఫొటో తెప్పించుకొని తేదీ చూడండి. తొమ్మిది నెలలకు ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండోది, ఈ రెండూ పడితేనే తట్టు నుంచి గట్టి రక్షణ. టీకా లేనివాళ్లు తట్టు వచ్చిన బిడ్డకు దగ్గరగా ఉంటే పదిమందిలో తొమ్మిదిమందికి అంటుకోవచ్చు. తీజ్‌కు, సేవాలాల్ జయంతికి తండా అంతా ఒక్కచోట చేరుతుంది కదా!

డాక్టర్‌కు విషయం తెలుసు. మీకు యాడి తెలుసు. ఆ రెండింటినీ కలపగలిగేది మీరే. ఈ వారం ఒక్క ఇంటికి ఫోన్ చేయండి.

జై సేవాలాల్.