జలపాతము చెంత దాచిన డబ్బా

నిధి యనగానే మనకు లంకెబిందెలు జ్ఞప్తికి వచ్చును. నేను చెప్పబోవు నిధిలో బంగారము లేదు. ఒక చిన్న పుస్తకము, ఒక పెన్సిలు, కొన్ని పిల్లల యాటవస్తువులు మాత్రమే యుండును. దాచినవాడే దాని చోటును లోకమునకు చాటును. కనుగొన్నవాడు పుస్తకమున పేరు వ్రాసి డబ్బాను మరల యథాస్థానమున నుంచవలెను. ఒక వస్తువు తీసికొన్నచో అంత విలువగల వేఱొకటి పెట్టవలెను. ఈ యాటకు జియోకాషింగు అని పేరు.

భూమికి ఇంచుమించు 20,200 కిలోమీటర్ల యెత్తున అమెరికావారి ఉపగ్రహములు తిరుగుచున్నవి. వానిలో నాలుగింటి సంకేతము లందినచో చేతిలోని యంత్రము మన మున్న చోటును గణించి చెప్పును. పూర్వము ఆ ప్రభుత్వము సామాన్యుల కందు సంకేతములలో బుద్ధిపూర్వకముగా కొంత తప్పు కలుపుచుండెడిది. 2000 మే 2వ తేదీన దానిని మానివేసెను. మరునాడే ఓరెగాన్ రాష్ట్రమున డేవ్ ఉల్మరు అనునతడు అడవిలో నొక బకెట్టు దాచి, యంత్రము చెప్పిన యంకెలను పదుగురకు తెలిపెను. అదియే యీ యాటకు నాంది.

నిరుడు నేను వేల్సు దేశమున నున్న మా అమ్మాయి యింటికి పోయితిని. పదేండ్ల మనుమడు "తాతయ్యా, నిధి చూపిస్తా రా" అని నన్ను అబర్‌డిలైసు జలపాతమునకు తీసికొనిపోయెను. వారి భాషలో 'అబర్' అనగా సంగమము. డిలైసు అను ఏరు నీత్ నదిలో కలియు చోటగుటచే ఆ యూరికి ఆ పేరు వచ్చినది.

ఆ నీటి వేగము నాశ్రయించి 1584లో అచట రాగి కరగించు పని మొదలిడిరి. తరువాతి కాలమున తగరపు రేకుల కార్ఖానా వెలసెను. ఇనుమును కాల్చి పలుచని రేకులుగా నొత్తి, ఆమ్లమున కడిగి, కరగిన తగరమున ముంచెడివారు. మనము ఇత్తడి పాత్రలకు కళాయి వేయించుట చిలుము పట్టకుండుటకు. వారు ముంచుట తుప్పు పట్టకుండుటకు. 1890లో అమెరికా దిగుమతి సుంకము హెచ్చింపగా వేల్సు రేకు వర్తకమునకే పెద్ద దెబ్బ తగిలినది. నేడచట మొండిగోడలును, నీటి హోరును మిగిలియున్నవి.

చేతిలోని ఫోను మమ్మొక పాతగోడ దరికి చేర్చినది. అది చూపు చోటున నాలుగైదు బారల తేడా యుండవచ్చును. పిల్లవాడు తొందరపడి కదలుచున్న రాతిని పెఱుకబోయెను. నేను చేయి పట్టుకొంటిని. "దాని వెనకే ఉంటుంది తాతయ్యా!" అని ముఖము ముడుచుకొనెను. "నాయనా, ఈ కార్ఖానాలలో నీ యీడు పిల్లలు కూడ కూలికి పనిచేసిరి. వారి పేర్లు ఏ పుస్తకమునను లేవు. ఈ గోడయే వారి పుస్తకము. దానిలో నొక యక్షరము నీవు చెఱుపకుము" అంటిని. వాడు మాటాడక రాతిని వదలెను.

డబ్బా గోడలో లేదు. దారి కావల నొక చెట్టువేరు సందున దొరకినది. చిన్న రేకు డబ్బా. వాడు తన పేరు వ్రాసి పెన్సిలు నా కిచ్చెను. నేను తెలుగున వ్రాసితిని. పిదప మూత వేయుచుండగా నా చేయి కొంత తడబడినది. కారణము చెప్పెదను.

1920లో జంషెడ్‌పూరున రేకుల కంపెనీ స్థాపింపబడుటకు పూర్వము మన కిరసనాయిలు డబ్బాల రేకు ఓడలపై విదేశములనుండి వచ్చెడిది. వేల్సు అందుకు ముఖ్యస్థానము. మా యింటను తాతగారి నాటి డబ్బా యొకటి యుండెడిది. మా నాయనగారు దానిలో ఊరి చెరువు మరమ్మతుల లెక్కలు, తూము నీటి వంతుల కాగితములు దాచియుంచిరి. వారు గతించిన పిదప ఇల్లు సర్దుచు నేను ఆ డబ్బాను కాగితములతో సహా పాతసామాను వానికి అమ్మివేసితిని. రెండేండ్లకు వంతుల తగాదా వచ్చెను. పెద్దలు మా గడపకు వచ్చి "మాష్టారూ, నాన్నగారి కాగితాలు చూపండి" అని యడిగిరి. నాకు బదులు లేకపోయెను. ఆ తగాదాతో పలుకులు మానిన అన్నదమ్ములు నేటికిని పలుకుకొనరు.

పరదేశమున రాయి కదల్పనీయని నేను, స్వగృహమున చేసినది యిది. దీనిని మనుమనికి ఆనాడే చెప్పితిని.

పెద్దలారా! మీ యూర పాత సున్నపు గానుగ రాయియో, పాడుబడిన తూమో యుండకపోదు. ఒక సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని పోయి అది ఎవరు కట్టినదో, ఎట్లు పనిచేసినదో చెప్పుడు. అటకపై పాత డబ్బా యున్నచో, అమ్ముటకు ముందు మూత తెఱచి చూడుడు.