లంక చుట్ట కథ



అల్ఫారెట్టాలో కంప్యూటర్ల ముందు కూర్చునే మనకు చుట్టల గొడవ ఎందుకని మీరు నవ్వుకోవచ్చు. కానీ 1890లో వచ్చిన కానన్ డాయల్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో షెర్లాక్ హోమ్స్ అంతటివాడు లంక చుట్ట ఊసెత్తాడు. అది రావణాసురుడి లంక కాదండీ, మన గోదావరి లంక!

వరద తీశాక లంకల్లో మిగిలే ఒండ్రుమట్టే ఆ పొగాకు బలం. ఆకు ఆరబెట్టి, ఈనె తీసి, తడిపి, చేత్తో చుట్టడమే పని. కాగితం లేదు, యంత్రం లేదు. పెట్టుబడి ఇంటి పెద్దది, చాకిరీ ఇంటిల్లిపాదిదీ. కుటుంబమే ఫ్యాక్టరీ.

1920లలో గుంటూరు వైపు సిగరెట్లకు పనికొచ్చే వర్జీనియా పొగాకు సాగు పెరిగింది. 1930లో హైదరాబాదులో వజీర్ సుల్తాన్ కంపెనీ పుట్టింది; చార్మినార్ సిగరెట్ వాళ్ళదే. యంత్రం ముందు చెయ్యి నిలవలేకపోయింది. చుట్ట ముసలివాళ్ళ అలవాటుగా మిగిలింది.

ఇక్కడికి ఒక పగటి కారు ప్రయాణంలో, ఫ్లోరిడాలోని టాంపాలోనూ ఇదే కథ. 1886 నుంచి అక్కడి ఈబోర్ సిటీ సిగార్లతోనే పెరిగింది. కార్మికులు తమ కూలి డబ్బుల్లోంచి ఇచ్చి, పని చేస్తుండగా పత్రికలు, నవలలు చదివించుకునేవారు. 1931లో యజమానులు ఆ చదువరులను తీసేశారు. మాంద్యం, యంత్రాలు, 1962లో క్యూబాపై ఆంక్షలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. హంగేరీ నుంచి వలస వచ్చిన న్యూమన్ 1895లో క్లీవ్‌లాండ్‌లో మొదలుపెట్టిన సంస్థ 1954లో టాంపా చేరి, నాలుగో తరం దాకా నిలిచింది. తన కథను మ్యూజియంగా పెట్టి చూపిస్తోంది కూడా.

మరి మన చుట్టను బతికించుకోవాలా? వద్దంటాను. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్ళు నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అంగిలి క్యాన్సర్ తెస్తుందని వైద్యులు ఎన్నడో తేల్చారు. అన్నం పెట్టిన చుట్టే ప్రాణమూ తీసింది. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి దాచి రెండోది చెబితే కథ సగమే.

పోవలసిన పరిశ్రమ పోనివ్వండి. దాంతో పాటు ఆ పనివాళ్ళ జ్ఞాపకం పోకూడదు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు మీ పెద్దవాళ్ళను వాళ్ళు చేసిన పని గురించి అడగండి, రికార్డు చేసుకోండి. ఆ చేతుల కష్టంతోనే మనలో ఎందరో చదువుకుని ఇక్కడిదాకా వచ్చారు.