రెండు టవర్లు, ఒకే తాళం



ఈరోజు రేడియో గురించి మాట్లాడుకుందాం. రేడియో మాట మన చెవిదాకా ఎలా వస్తుందో, ఎక్కడ చెడిపోతుందో చూద్దాం.

సూర్యాపేట, కోదాడ హైదరాబాదు - విజయవాడ రోడ్డు మీదనే ఉన్నాయి. మిర్యాలగూడ ఆ రోడ్డుకు దక్షిణాన ఉంది. విజయవాడకు 1948లో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. నిజాం కాలంనాటి హైదరాబాదు రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. మనం ఈ రెండింటికీ నడుమ ఉన్నాం.

రెండు కేంద్రాల మాటలు ఒకదాంతో ఒకటి ఎందుకు కలిసిపోవు? వాటి నంబర్లు వేరు గనక. మీడియం వేవ్‌లో హైదరాబాదుకు 738, విజయవాడకు 837 ఇచ్చారు. 738 అంటే ఆ రేడియో అల సెకనుకు 7 లక్షల 38 వేల సార్లు ఊగుతుంది.

ఇలాంటి నంబర్లు కొన్నే ఉన్నాయి. అందుకని కొన్ని దేశాల్లో ఒకే కార్యక్రమాన్ని చాలా టవర్ల నుంచి ఒకే నంబరు మీద పంపారు. బ్రిటన్‌లో 1990లో మొదలైన బీబీసీ రేడియో 5 ఇలాగే 693, 909 నంబర్ల మీద వినిపించింది.

మన రెండు కేంద్రాలకూ ఒకే నంబరు ఇచ్చారనుకోండి. ఏమవుతుంది? బతుకమ్మ ఆట గుర్తు తెచ్చుకోండి. పక్కపక్కనే రెండు గుంపులు ఆడుతున్నాయి. ఒక గుంపు నిమిషానికి 60 చప్పట్లు కొడుతుంది. ఇంకో గుంపు 61 కొడుతుంది. కాసేపు చప్పట్లు కలుస్తాయి. కాసేపు ఎడమవుతాయి. మళ్ళీ కలుస్తాయి.

రేడియో అలలూ అంతే. కలిసినప్పుడు బలం పెరుగుతుంది. ఎదురైనప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మాట పెరుగుతుంది, తగ్గుతుంది. తేడా సెకనుకు కొన్ని వందలైతే ఈల మోగుతుంది. టవరు దగ్గర ఉన్నవారికి ఈ బాధ తెలియదు. నడుమ ఉన్న మనలాంటి వారికే తెలుస్తుంది.

దీనికి ఉపాయం ఉంది. ప్రతి టవరు దగ్గరా తాళం పట్టే చిన్న క్వార్ట్జ్ ముక్క ఉంటుంది. చేతి గడియారంలో ఉండేదీ అదే. ఎండకూ చలికీ దాని తాళం కాస్త మారుతుంది. అందుకే ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల గడియారాలతో సరిచూస్తారు. తేడా వస్తే యంత్రం వెంటనే దిద్దుతుంది. అన్ని టవర్లూ ఒకే గడియారం మాట వింటే తాళం తప్పదు.

తాళం ఒక్కటే చాలదు. అన్ని టవర్లూ ఒకే మాటను, ఒకే సమయానికి పంపాలి. అప్పుడు కూడా కొన్ని చోట్ల మాట మందంగానే ఉంటుంది.

ఇది మనకెందుకు అంటారా? 2024 సెప్టెంబరు 1న కోదాడలోకి వరద వచ్చింది. అలాంటి రోజు కరెంటు పోవచ్చు, ఫోను పనిచేయకపోవచ్చు. బ్యాటరీ రేడియో పలుకుతుంది. "వాగు దాటండి", "వాగు దాటకండి" - ఈ రెంటికీ తేడా ఒక్క అక్షరమే. ఆ అక్షరం ఈలలో పోతే ప్రాణానికే ముప్పు.

అందుకే ఒక పని చేయండి. రేడియోను నిలువుగా, అడ్డంగా తిప్పి చూడండి. మాట బాగా వినిపించిన వైపు గుర్తు పెట్టండి. రాత్రిపూట దూరపు కేంద్రాలు వచ్చి ఈల వేస్తే, రేడియో చెడిందనుకోకండి. 738, 837 - ఈ రెండు నంబర్లు కాగితం మీద రాసి రేడియోకు అంటించండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!