పాత పికప్‌కు కొత్త బుష్‌లు

1988లో వచ్చిన టాటా మొబైల్ 206 లాంటి పాత పికప్‌లు ఉన్నవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. బేతంచెర్ల నాపరాళ్లో, కడప పసుపు బస్తాలో వేసుకుని పోతుంటే, గుంతలో దిగినప్పుడల్లా వెనక 'టక్కు'మంటుందా? చాలామంది షాకబ్జర్లను తిడతారు. ముందు కమాన్ కట్టల చివర్లు చూడండి. కట్టకూ, దాన్ని ఛాసిస్‌కు కలిపే షాకిల్‌కూ మధ్య ఉండే రబ్బరు బుష్, 40 డిగ్రీలు దాటే మన ఎండకూ బరువుకూ పగుళ్లిచ్చి, ఒక పక్కకు అరిగిపోతుంది. రాడ్డు పెట్టి కదిపితే లొడలొడ ఆడుతుంది.

బుష్ మార్చేటప్పుడు ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టండి. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు. పట్టేసిన బోల్టుకు ముందురోజే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి. కొత్త రబ్బరుకు గ్రీజు పూయడం కొందరికి అలవాటు; అది రబ్బరును ఉబ్బించి చెడగొడుతుంది. సబ్బునీళ్లు చాలు.

అసలు కిటుకు బిగింపులో ఉంది. బండి పైకెత్తి ఉండగానే నట్లు పూర్తిగా బిగిస్తే, కిందికి దింపగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. అప్పటికి కాస్త వదులుగానే ఉంచి, చక్రాలు నేలకు ఆని బరువంతా కట్టల మీద పడ్డాకే గట్టిగా బిగించండి. నాలుగు రోజులు తిరిగాక నట్లు మరోసారి చూసుకోండి.