సముద్రపు అడుగు నుండి కబురు

 

నీటి అడుగు నుండి కబురు ఎలా వస్తుందన్నది నేటి విషయం. ఓడలెక్కి వచ్చినవారి మనుమలం కనుక ఇది మనకు పరాయిది కాదు. బర్మావారు మనలను పిలిచిన ‘కోరంగీ’ అన్న పేరు గోదావరి పాయ ఒడ్డునున్న కోరంగి రేవుదే. 1839 నవంబరులో ఉప్పెన ఆ రేవును ముంచివేసింది. ముందుగా చెప్పేవారు అప్పుడు లేరు. 2004 డిసెంబరు 26న కూడా లేరు! సుమత్రా వద్ద భూమి కంపించిన రెండు గంటల తరువాత గాని సునామీ ఆంధ్ర తీరానికి చేరలేదు. అంత వ్యవధి ఉండీ వృథా అయింది.

2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం నెలకొన్నది. కడలి అడుగున ఉంచిన యంత్రం తన మీది నీటి ఒత్తిడిని కొలుస్తుంది. సునామీ పైనుండి దాటితే ఆ ఒత్తిడి మారుతుంది. రేడియో తరంగం ఉప్పునీటిలో ఇట్టే అణగిపోతుంది కనుక, ఆ యంత్రం శబ్దంతో పలుకుతుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. మూడు కిలోమీటర్ల లోతు నుండి రెండు సెకన్లు. పైన తేలే బోయా విని, ఉపగ్రహం ద్వారా హైదరాబాదుకు అందిస్తుంది.

అయితే శబ్దం మోసే మూట చిన్నది. ఒత్తిడి అంకెలకు చాలును గాని, బొమ్మలకు చాలదు. అందుకని శాస్త్రజ్ఞులు వెలుగును పట్టుకున్నారు. నీటిలో ఎరుపు త్వరగా ఇంకిపోతుంది. నీలం, ఆకుపచ్చ దూరం పోతాయి. ఆ రంగుల వెలుగును అతివేగంగా మినుకు మినుకుమనిపిస్తే, తేట నీటిలో పదుల మీటర్ల దూరానికి సెకనుకు లక్షల కొద్దీ అంకెలు పంపవచ్చును. మరమనిషి దగ్గరకు వెళ్లి, అడుగునున్న యంత్రం నెలల తరబడి కూడబెట్టినదంతా తీగ లేకుండానే తెచ్చుకోవచ్చును. మూడు కిలోమీటర్లు మాత్రం వెలుగు వల్ల కాదు.

“మాస్టారూ, మన ఏటిలో పనిచేస్తుందా?” అని సాయంకాలపు తరగతిలో ఒక కుర్రవాడు అడిగాడు. తెలుగు వాచకం పక్కన పెట్టి, ఒక గాజు గ్లాసులో కుళాయి నీళ్లు, మరొకదానిలో రంగూను ఏటి నీళ్లు పోసి టార్చి వేయించాను. రెండవ గ్లాసు టీలా మెరిసింది, వెలుగు అవతలికి రాలేదు. మర్తబాన్ సింధుశాఖ కూడా ఇట్టి బురద నీరే. మన ముంగిట ఈ విద్య మీటరో రెండు మీటర్లో, అంతే.

2011 నుండి హైదరాబాదు కేంద్రం హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ కబురు పంపుతున్నది. కబురు కార్యాలయానికి చేరడం వేరు, గుడిసెకు చేరడం వేరు. 2008 మే 2న నర్గీస్ తుపాను వచ్చినప్పుడు, రెండు రోజుల ముందే తెలిపామని భారత వాతావరణ శాఖ చెప్పింది. డెల్టాలో లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. మౌల్మీన్ వైపు బంధువులున్నవారు వారి ఫోను నంబర్లు ఈ రాత్రి భోజనాలకు ముందే నా పుస్తకంలో వ్రాయించండి.