రాడారు తరంగములు — లెక్కకు దగ్గరి దారి

రజతోత్సవ సభలో గణితమును గూర్చి మాటాడబూనుట కొంత సాహసమే. అయినను కూడిక, గుణకారము తెలిసినవారందరికి నా మాట బోధపడగలదు.

రాడారు తరంగము విమానముపై పడినపుడు దాని లోహపు ఉపరితలమున విద్యుత్ప్రవాహములు పుట్టును. అవి తిరిగి నలుదిక్కులకు తరంగములను వెదజల్లును. రాడారునకు చిక్కునది ఈ వెదజల్లబడిన తరంగమే. దీని మూలసూత్రములను మాక్స్‌వెల్ 1865లో ప్రకటించెను. సూత్రము తెలిసినంత మాత్రమున సమాధానము రాదు. ఉపరితలమును చిన్న ముక్కలుగా భావించి, ఒక్కొక్క ముక్కలోని ప్రవాహమును కనుగొనవలెను. ఎట్టి వంకర ఆకారమునైనను త్రిభుజములుగా విభజించి లెక్కించు విధమును 1982లో రావు, విల్టన్, గ్లిస్సన్ అను మువ్వురు ప్రకటించిరి. వీరిలో మొదటివారగు సదాశివ రావుగారు మన ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివినవారు.

ముక్క వెడల్పు తరంగదైర్ఘ్యములో పదవవంతు ఉండవలెను. 3 సెంటీమీటర్ల తరంగమునకు 3 మిల్లీమీటర్ల ముక్క. 100 చదరపు మీటర్ల ఉపరితలమునకు కోటికి పైగా ముక్కలు! ప్రతి ముక్కయు తక్కిన ముక్కలన్నిటిపై ప్రభావము చూపును గనుక సంబంధములు కోటి కోట్లు. ఒక ఊహతో మొదలిడి సమాధానమును పలుమార్లు సవరించుకొనుచు పోదురు. ప్రతి సవరణకు మరల కోటి కోట్ల గుణకారములు. యంత్రము నూరు రెట్లు వేగమైనను అదే కాలమున పదిరెట్లు పెద్ద లెక్కయే సాగును. కాబట్టి మంచి యంత్రమును కొన్న చాలునను మాట నాకు సమ్మతము కాదు.

లెక్క సాగనిచో వస్తువే లెక్కకు లొంగవలసివచ్చును. 1981లో మొదట ఎగిరిన అమెరికావారి ఎఫ్-117 విమానము చదును పలకలను అతికించినట్లుండును. ఆనాటి గణనకు వంపులు చిక్కకపోవుటయే అందుకు ముఖ్యకారణము.

దగ్గరిదారిని యేల్ విశ్వవిద్యాలయమున గ్రీన్‌గార్డ్, రాఖ్లిన్ అనువారు 1987లో కణముల పరస్పరాకర్షణ లెక్కకై ప్రకటించిరి. రాఖ్లిన్ 1990లో దానిని తరంగములకు అన్వయించెను. మన తపాలాను తలచుకొనుడు. ఈ ఊర వేయి ఇండ్లు, దూరపుటూర వేయి ఇండ్లు. ప్రతి ఇంటినుండి ప్రతి ఇంటికి మనిషిని పంపినచో పది లక్షల ప్రయాణములు. తపాలావారట్లు చేయుదురా? ఉత్తరములను ఒక సంచిలో చేర్చి, సంచిని ఒక్కమారు పంపి, అచ్చట పంచుదురు. రెండువేల ఒక్క నడకతో పని తీరును. పొరుగింటితో మాటకు తపాలా అక్కరలేదు. అట్లే ప్రక్కప్రక్క ముక్కల ప్రభావమును నేరుగా లెక్కింతురు.

ఉపమానము ఒకచోట కుంటును. సంచిలో ఉత్తరములు విడివిడిగ నుండును. ఇచ్చట తరంగములు కలిసి ఒక్క మొత్తమగును. గుంపు పెద్దదగుకొలది, అది ఏ దిక్కునకు ఎంత తరంగమును పంపుచున్నదో మరిన్ని దిక్కులలో గుర్తించవలెను. చిన్న గుంపుల లెక్కనుండి పెద్ద గుంపుల లెక్కను కట్టుటలోనే పనితనమంతయు ఉన్నది. ఊరి తపాలా, తాలూకా తపాలా, జిల్లా తపాలా అన్నట్లు మెట్లుమెట్లుగా ఈ పద్ధతిని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున వెంగ్ చో చ్యూ, ఆయన సహచరులు పెంపొందించిరి. కోటి కోట్ల పని స్థూలముగా కోటిని 23 చేత గుణించి, మరికొన్ని రెట్లు చేసినంతకు దిగినది. 2003లో వారు సుమారు 96 లక్షల అజ్ఞాతరాశులుగల లోహగోళపు లెక్కను ప్రకటించిరి. గోళమునకు సమాధానమును గుస్టావ్ మీ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1908లోనే ఇచ్చియుండెను గనుక, దగ్గరిదారి తప్పుదారి కాదని సరిచూచుకొను వీలు కలదు.

విమానపు ఇంజనులోనికి గాలి పోవు గొట్టమువంటి చోట్ల తరంగము లోలోపల పలుమార్లు తగిలి మరలును. అచ్చట సవరణల సంఖ్య పెరిగిపోయి, ఈ దారియు దీర్ఘమగును. దానిని తగ్గించు ప్రయత్నములో పరిశోధకులు నేటికిని ఉన్నారు.